వెడల్పు చేయమనే సలహా ఎవరిది?

ట్రాఫిక్ గురించి ఎవరినడిగినా సలహా సిద్ధంగా ఉంటుంది. రోడ్డు వెడల్పు చేయాలి. చౌరస్తాకో ఫ్లైఓవర్ కట్టాలి. తోపుడు బండ్లను లేపేయాలి. చలాన్లు దండిగా వేయాలి. చివర్లో ఎవరో ఒకరు కొంచెం గొంతు తగ్గించి ఇంకో మాట చేరుస్తారు: ఊళ్ల నుంచి జనం వచ్చి పడటం ఆగితే తప్ప హైదరాబాద్ బాగుపడదని. టీవీ చర్చల్లో, పత్రికలకు రాసే ఉత్తరాల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల వినతిపత్రాల్లో, ఆఖరికి కామారెడ్డి జిల్లాలో మా బిచ్కుంద హోటల్ బెంచీల మీద కూడా ఇవే మాటలు. వీటికే పౌరుల సూచనలని పేరు. ఏ ప్రభుత్వం వచ్చినా వీటినే తలకెత్తుకుంటుంది కాబట్టి జనమంతా కోరేది ఇదేనని నమ్మకం కుదిరిపోయింది.

ఈ నమ్మకం తప్పు. దీన్ని పట్టుకుని హైదరాబాద్ ఇరవై ఏళ్లుగా వేల కోట్లు రోడ్ల మీద కుమ్మరించింది. ఇప్పుడదే నమ్మకం జిల్లా కేంద్రాలు దాటి, నిన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీగా ఉండి మున్సిపాలిటీ అయిన మా బిచ్కుంద దాకా వచ్చింది. మెయిన్ రోడ్డు వెడల్పు చేయాలని ఇక్కడా సంతకాలు సేకరిస్తున్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు వెడల్పు సంగతే చూద్దాం. రోడ్డు ఇరుకైతే బండ్లు ఆగుతాయి, వెడల్పు చేస్తే పోతాయి. కంటికి ఇది నిజమే అనిపిస్తుంది. కానీ రోడ్డు మీదికి ఎన్ని బండ్లు వస్తాయన్నది ముందే ఖాయమైపోయిన లెక్క కాదు. దారి ఖాళీగా ఉందని తెలిస్తే, అంతకుముందు పొద్దున్నే ఆరింటికి బయల్దేరిన మనిషి తొమ్మిదింటికి బయల్దేరతాడు. వేరే దారిన పోయేవాడు ఇటు తిరుగుతాడు. బస్సెక్కేవాడు బైకు కొంటాడు, బైకున్నవాడు కారు కొంటాడు. ఇరవై కిలోమీటర్ల అవతల చవకగా ప్లాటు దొరికితే కొత్త రోడ్డును నమ్ముకుని ఇల్లు కట్టుకుంటాడు. రెండు మూడేళ్లలో ఆ వెడల్పు నిండిపోతుంది. ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1962లోనే ఈ సంగతి రాశాడు. 2011లో డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా నగరాల లెక్కలు తీసి చూస్తే, పట్టణ రహదారులు ఎంత పెరిగాయో వాటి మీద బండ్ల తిరుగుడు దాదాపు అంతే పెరిగిందని తేలింది. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను 2008 నాటికి విస్తరించి, పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసల దాకా తెచ్చారు. కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. 26 వరుసలకు లొంగని రద్దీ మన ఎనభై అడుగులకు, వంద అడుగులకు లొంగుతుందని ఏ ధైర్యంతో చెబుతున్నారు?

అమెరికా సంగతి మనకెందుకంటారా, హైదరాబాద్‌నే చూడండి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వచ్చింది. తర్వాత మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్లు వచ్చాయి. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన, 2022లో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ మొదటి దశ, 2025 జూన్‌లో దాని రెండో దశ. అదే ఏడాది జనవరిలో ఆరాంఘర్–జూపార్క్ ఫ్లైఓవర్. దేశంలో ఇంత తక్కువ కాలంలో ఇన్ని వంతెనలు కట్టిన నగరాలు తక్కువ. మరి సాయంత్రం ఏడింటికి ఐటీ కారిడార్ నుంచి బయటపడటం తేలికైందా? వాన పడిన రోజున గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లి చేరడానికి ఎంతసేపు పడుతుందో అక్కడ పనిచేసే మా ఊరి పిల్లలను అడగండి. ఫ్లైఓవర్ ఒక చౌరస్తాలో నిలిచిన బండ్లను తీసుకెళ్లి తర్వాతి చౌరస్తాలో దించుతుంది. దిగేచోట ఇంకో ఫ్లైఓవర్ కావాలంటూ మళ్లీ పౌరుల సూచన పుడుతుంది.

ఆ వంతెనల కింద ఎవరున్నారో కూడా చెప్పుకోవాలి. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌ను 2019 నవంబరు 4న తెరిచారు. మూడు వారాలు తిరక్కుండానే, 23న, అతివేగంగా వచ్చిన కారు ఒకటి పైనుంచి కిందపడింది. కింద రోడ్డు పక్కన ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఫ్లైఓవర్‌ను మూసి, కొన్ని సవరణలు చేసి, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. వేగం కోసం కట్టిన కట్టడానికి బలైంది బండిలో లేని మనిషి. ఫ్లైఓవర్ ఎవరి సమయం మిగిల్చిందన్న లెక్క అందరూ చెబుతారు. కాలినడకన పోయేవాళ్లకు అది దారిని ఎంత పెంచిందో, ఎంత ప్రమాదం తెచ్చిందో ఆ లెక్కలో రాదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. రోడ్డు మీద ఇరుకైంది వాహనాలతో. మనుషులకు మన రోడ్లు ఇప్పటికీ చాలు. ఇది లెక్క వేసి చూడొచ్చు. ఒక ఆర్టీసీ సిటీ బస్సు పొడవు సుమారు 12 మీటర్లు. కూర్చున్నవాళ్లు, నిలుచున్నవాళ్లు కలిపి అరవై మందిని అది మోస్తుంది. ఆ అరవై మందినీ కారుకు ఇద్దరు చొప్పున ఎక్కిస్తే 30 కార్లు కావాలి. నిజానికి కారులో ఇద్దరు కూడా ఉండరు, అయినా ఉన్నారనే అనుకుందాం. కారు పొడవు నాలుగు మీటర్లు, ముందు బండికీ దీనికీ మధ్య రెండు మీటర్లు. మొత్తం 180 మీటర్ల వరుస. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర 180 మీటర్లంటే ఎంత దూరమో అక్కడ ఎండలో నిలబడ్డవాళ్లకు తెలుసు. పచ్చలైటు పడ్డప్పుడు ఎన్ని బండ్లు దాటాయని లెక్కపెట్టే పద్ధతి మాని ఎంతమంది దాటారని లెక్కపెట్టండి, మన రోడ్ల మీద ఎవరు ఎవరికి అడ్డమో తేలిపోతుంది. 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిందీ ఇదే: రోడ్లు మనుషుల్ని చేర్చడానికి, వాహనాలను కాదు. ఇరవై ఏళ్లుగా ఆ మాట కాగితం మీదే ఉంది.

మరి బస్సును ఏం చేశాం? ఈ గడ్డ మీద ప్రజా రవాణాకు పాత చరిత్రే ఉంది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. నేటి ఆర్టీసీకి అదే మూలం. అలాంటి సంస్థలో 2019 అక్టోబరు, నవంబరు నెలల్లో 52 రోజుల సమ్మె జరిగింది. అది ముగిశాక నష్టాల పేరు చెప్పి వందల బస్సులను నగరం రోడ్ల మీది నుంచి తీసేశారు. బెంగళూరు నగర సంస్థ ఆరు వేలకు పైగా బస్సులు నడుపుతుంటే హైదరాబాద్‌లో మూడు వేలకు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒక్కో బస్సు తీసేసినప్పుడల్లా ఎన్ని కొత్త బైకులకు దారి చూపించామో ఎవరూ రాసిపెట్టలేదు. బస్టాపులో నలభై నిమిషాలు నిలబడి, వచ్చిన బస్సు ఆగకుండా పోతే, ఆ మనిషి మర్నాడు షోరూముకు పోయి వాయిదాల మీద బండి తెచ్చుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. కానీ ఆ బండి రోడ్డు మీదికి రావడానికి కారణం రోడ్డు ఇరుకు కానే కాదు, రాని బస్సు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. వెంటనే ఇంకో ఫిర్యాదు మొదలైంది: ఉచితం పెట్టి బస్సుల్లో కాలు పెట్టే చోటు లేకుండా చేశారని. ఆ రద్దీని నేనూ చూస్తున్నాను. బాన్సువాడ బస్సులో ఫుట్‌బోర్డు దాకా నిలబడ్డ ఆడవాళ్లను, పుస్తకాల సంచి తలమీదికెత్తి పట్టుకున్న డిగ్రీ కాలేజీ పిల్లలను చూస్తున్నాను. ఆ రద్దీ చెప్పేది ఒక్కటే. ఇంతకాలం ప్రయాణం చేయాలని ఉండి, చేతిలో డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లు ఎంతమందో ఇప్పుడు తెలిసింది. కార్లు నిండిపోతే రోడ్డు పెంచమంటాం, బస్సులు నిండిపోతే ప్రయాణికుల్ని తగ్గించమంటాం. ఈ రెండు నాలుకల ధోరణిని పౌర స్పృహ అనడానికి నాకు నోరు రాదు. బస్సులు నిండితే బస్సులు పెంచాలి.

మెట్రో వచ్చింది కదా అనే మాట కూడా వింటున్నాం. 69 కిలోమీటర్ల మెట్రో మంచిదే, లక్షల మందిని రోజూ మోస్తోంది. కానీ స్టేషన్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి స్టేషన్‌కు చేర్చే బస్సూ కాలిబాటా లేకపోతే అది సగం ప్రయాణమే.

ఇప్పుడు క్రమశిక్షణ గురించి. మన జనానికి ట్రాఫిక్ సెన్స్ లేదని, రోడ్డుకు అడ్డంగా ఉరుకుతారని చదువుకున్నవాళ్లంతా అంటారు. అమీర్‌పేటలో ఒక్క బస్సు ఆగడం నిలబడి చూడండి. కాలిబాట అంచున ఆటోలుంటాయి. ఆటోల పక్కన, డ్రైవర్ లోపలే కూర్చున్న కార్లుంటాయి. బస్సు వాటి బయట, రోడ్డు మధ్యలో ఆగుతుంది. బస్సెక్కాలంటే ముసలమ్మ కూడా రెండు వరుసల బండ్ల మధ్య నుంచి సందు చూసుకుని పరుగెత్తాలి. వెనక వచ్చే బైకులు బస్సుకు ఎడమ పక్కనుంచి, దిగేవాళ్ల మోకాళ్లకు తగులుతూ దూసుకుపోతాయి. బస్సు కదలదు కాబట్టి వెనక వరుస అంతా హారన్ కొడుతుంది. ఈ మొత్తంలో క్రమశిక్షణ లేనిదని చివరికి ముద్రపడేది ఆ ముసలమ్మ మీద. ఆమెకు నిలబడే చోటు, బస్సుకు ఆగే చోటు ఎవరు తిన్నారో ఎవరూ అడగరు.

తోపుడు బండ్లను లేపేయాలన్న సలహాదీ ఇదే దారి. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. ప్రతి పట్టణంలో సర్వే జరగాలి, వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండేలా టౌన్ వెండింగ్ కమిటీ వేయాలి, సర్వే కాకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చట్టం ఇంత స్పష్టంగా ఉండగా ట్రాఫిక్ పేరుతో జామకాయల బండి చక్రాలు ఊడదీసి లారీలో ఎక్కిస్తున్నారు. ఆ బండి ఆక్రమించింది రెండు గజాలు. దాని పక్కనే ఆరు గజాలు ఆక్రమించుకుని, పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక పైసా అద్దె కట్టకుండా నిలిచిన కారు ఆక్రమణ కిందికి రాదు. బండి ఆపుకోవడం హక్కు, బండి పెట్టి బతకడం నేరం. ఇది ఏ న్యాయం?

ఇక ఊళ్ల నుంచి వచ్చి పడ్డ జనం. ఈ మాట నన్ను నొప్పించినంతగా ఇంకేదీ నొప్పించదు. మా బిచ్కుంద, జుక్కల్, మద్నూర్, పిట్లం వైపు నుంచి ఏటా ఎందరో హైదరాబాద్ పోతారు. పత్తి, సోయా చేతికి రాని ఏడాది ఇంకా ఎక్కువమంది పోతారు. పోయినవాళ్లు నగరంలో ఎంత రోడ్డు వాడుకుంటున్నారు? పిట్లం, జోగిపేట, సంగారెడ్డి మీదుగా ఒకే బస్సులో యాభై మంది కూర్చుని పటాన్‌చెరు చేరతారు. సైట్ పక్కన రేకుల షెడ్డులో ఉంటారు, నడిచి పనికి పోతారు. దూరమైతే మేస్త్రీ పంపిన ఆటో ట్రాలీలో పది మంది నిలబడి పోతారు. ఆ ఫ్లైఓవర్లకు సెంట్రింగ్ కొట్టింది, ఇనుము వంచింది ఇలాంటి వలస కూలీలే. నగరంలో తలకు అతి తక్కువ రోడ్డు వాడుకునే మనిషి ఎవరంటే మా వలస కూలీయే. అతన్ని చూపించి రద్దీకి కారణమనడం అబద్ధం మాత్రమే కాదు, అన్యాయం. నగరం నుంచి వాళ్లందరినీ రేపే వెనక్కి పంపినా గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఒక్క కారు తగ్గదు.

అసలు పౌరుల సూచన అని మనం వింటున్న గొంతు ఎవరిది? ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా, ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం, బస్సులకు విడిగా దారి ఇచ్చారు. అందులో లోపాలున్నాయి, చౌరస్తాల దగ్గర నిర్వహణ సరిగ్గా లేదు. అయితే గోల చేసింది బస్సువాళ్లు కాదు. పక్క వరుసలో ఆగిపోయిన కార్లవాళ్లు. విషయం కోర్టుకు వెళ్లింది. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది, బస్సు దారి ఉండాలంది. అయినా చివరికి కార్ల గొంతే గెలిచింది, 2016లో ఆ దారిని తవ్వేశారు. కార్లవాళ్లు పత్రికలకు రాయగలరు, కోర్టుకెళ్లగలరు, మంత్రికి ఫోన్ చేయగలరు. బస్సులో వేలాడే మనిషికి ఆ తీరిక లేదు. మన దగ్గర విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు అని పేరు మిగిలింది, అనుకున్నట్టు బస్సులకు విడి దారి మిగల్లేదు.

పౌరులంటే అందరూ ఒకటేనని కూడా నేననడం లేదు. 2016లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతే అడ్డుపడ్డది హైదరాబాద్ వాసులే. జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయి ఆపించుకున్నారు. అదీ పౌరుల సూచనే. దాన్ని అభివృద్ధికి అడ్డుపుల్ల అన్నారు.

రద్దీని నిజంగా తగ్గించిన నగరాలు చేసిందేమిటో కూడా అందరికీ తెలిసిందే. సింగపూర్ 1975లో, లండన్ 2003లో, రద్దీ ప్రాంతంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టాయి. స్టాక్‌హోం 2006లో ఏడు నెలలు ప్రయోగం చేస్తే ఆ హద్దు దాటే బండ్లు దాదాపు ఐదో వంతు తగ్గాయి. మొదట జనం వ్యతిరేకించారు, ఖాళీ అయిన రోడ్డు చూశాక ఓటేసి ఉంచుకున్నారు. సియోల్ నగరం నడిబొడ్డున చోంగ్యేచోన్ వాగు మీద కట్టిన ఎత్తైన రహదారిని 2003లో కూలగొట్టడం మొదలుపెట్టి, 2005కల్లా వాగును బయటికి తెచ్చింది. ట్రాఫిక్ స్తంభించిపోతుందని భయపెట్టినవాళ్ల మాట నిజం కాలేదు, బండ్లు సర్దుకున్నాయి. హైదరాబాద్‌లో రేపే రుసుము పెట్టమని నేను చెప్పను. బస్సుల్లేని చోట కార్ల మీద రుసుము వేస్తే అది జరిమానా అవుతుంది. ముందు బస్సులు రెట్టింపు కావాలి, వాటికి దారి విడిగా ఇవ్వాలి, కాలిబాటలు కావాలి, రోడ్డు మీద బండి ఆపితే డబ్బు కట్టించాలి. ఆ వరుసలోనే జరగాలి.

దూరప్రయాణాల రోడ్ల మాట వేరు. నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది, మంచిదే. ఊరితో పనిలేని లారీ ఊళ్లోకి రాకుండా పోవడానికి బైపాస్ కావాలి. రైలు గేటు దగ్గర వంతెన కావాలి. అవి ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు రాకపోకల దారులను వేరు చేసే పనులు. ఊరి నడిమధ్య రోడ్డును కొట్టి వెడల్పు చేసే పనికీ వీటికీ పోలికే లేదు. ఈ తేడా తెలియనివ్వకుండా అన్నింటినీ అభివృద్ధి అనే ఒక్క సంచిలో వేస్తున్నారు.

మా బిచ్కుంద సంగతికి వస్తాను. అంగడి రోజు మెయిన్ రోడ్డు మీద బస్సు ఎందుకు ఆగుతుందో నిలబడి చూసినవాళ్లకు తెలుస్తుంది. బస్టాండు మలుపు దగ్గర దుకాణాల ముందు రెండు వరుసల బైకులు. వాటి బయట ఉల్లిగడ్డల బస్తాలు దించుతున్న ఆటో ట్రాలీ. ఎదురుగా ఎరువుల కోసం వచ్చి ఆగిన ట్రాక్టరు. వీటన్నింటి వెనక మంజీర నుంచి ఇసుక నింపుకుని వచ్చిన టిప్పరు. కండక్టర్ దిగి బైకులు ఒక్కొక్కటిగా పక్కకు జరిపితే తప్ప బస్సు తిరగదు. ఈ చిక్కుముడిలో రోడ్డు కొలత ఎక్కడుంది? రోడ్డును ఇంకో ఇరవై అడుగులు పెంచితే మూడో వరుస బైకులు నిలుస్తాయి. ఆ ఇరవై అడుగుల కోసం ఇరుపక్కలా చిన్న దుకాణాలు పోతాయి. కిరాయికి ఉన్నవాళ్లకు నష్టపరిహారం దక్కుతుందన్న భరోసా కూడా లేదు.

గీతలు ముందు గీసి తర్వాత చెబితే ఏమవుతుందో మా జిల్లాకు తెలియంది కాదు. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలను పారిశ్రామిక జోన్ కింద చూపారని అడ్లూర్ ఎల్లారెడ్డి, లింగాపూర్ వైపు రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాతే మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. ఒక ప్రాణం పోయాక వినేదాన్ని సలహా తీసుకోవడం అంటారా?

మా ఊరికి రేపు మాస్టర్ ప్లాన్ వస్తుంది. దానికి ముందే కావాల్సినవి చెబుతున్నాను. బైకులు ఆపడానికి బస్టాండుకు దగ్గర్లో ఒక ఖాళీ జాగా, దాని బయట ఆపితే చలానా. ఆటోలకు స్టాండు. అంగడికి నీడా నీళ్లూ ఉన్న స్థలం, అది ఊరికి దూరంగా కాకుండా నడిచి పోయే దూరంలో. కాలేజీ వేళ, బడి వేళ టిప్పర్లు ఊళ్లోకి రాకూడదు. పెద్దదేవాడ, పుల్కల్, హస్గుల్ లాంటి ఊళ్ల నుంచి పొద్దున వచ్చే పిల్లలకు సరిపడా బస్సులు. వీటిలో ఏ ఒక్కదానికీ ఒక్క గోడ కూల్చక్కర్లేదు. వెడల్పు కోసం పెట్టే డబ్బులో చిన్న భాగం చాలు.

దీనికి ఒక లెక్క కావాలి. అది మనమే తీయొచ్చు. పొద్దున ఎనిమిది నుంచి పదింటి దాకా బస్టాండు మలుపు దగ్గర నలుగురు డిగ్రీ పిల్లలు కాగితం పట్టుకుని నిలబడితే, ఎంతమంది నడిచారు, ఎంతమంది బస్సులో, ఆటోలో, బైకు మీద, కారులో వచ్చారు, ఎన్ని బండ్లు ఎంతసేపు ఆగాయి అన్నదంతా తేలిపోతుంది. అంగడి రోజు ఒకసారి, మామూలు రోజు ఒకసారి. రోడ్డు వెడల్పు చేయాలని సంతకాలు సేకరిస్తున్న పెద్దమనుషులు ఆ కాగితాన్ని కూడా చూడాలి. సోమవారం ప్రజావాణిలో వాళ్ల వినతిపత్రం కలెక్టర్ చేతికి పోయే రోజునే ఈ లెక్క కూడా పోవాలి. దాని వెనక కిరాయి దుకాణాలవాళ్లు, కూరగాయలమ్మే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, బస్సు కోసం గంటలు నిలబడేవాళ్లు వరుసలో ఉండాలని మా ఊరివాళ్లను అడుగుతున్నాను.